నడుము నొప్పికి వ్యాయామాన్నీ చీటీలో రాయాలి

సంపాదకులకు నమస్కారం.

మూడు నెలలు దాటినా తగ్గని నడుము నొప్పితో ఆసుపత్రికి వెళ్లినప్పుడు నాకూ, నాకు తెలిసిన పలువురికీ మాత్రలు, నడుం బెల్టు, పది రోజుల కరెంటు వైద్యం దొరికాయి గానీ, ఏ వ్యాయామం వారానికి ఎన్నిసార్లు చేయాలో, దాన్ని ఎలా పెంచుకుంటూ పోవాలో ఎవరూ రాసివ్వలేదు. మందు మోతాదు రాసినంత స్పష్టంగా వ్యాయామాన్నీ రాసివ్వాలని, దాన్ని నేర్పే మనిషి బస్తీ దవాఖానాలోనే, అంటే మన బస్తీలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే, ఉండాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకులో కూర్చుని పనిచేసి పదవీ విరమణ చేశాను. ఆరేళ్ల క్రితం నడుము పట్టేస్తే ఎమ్మారై తీయించి, ‘డిస్కు ఉబ్బింది, ఇక వంగకండి, బరువులెత్తకండి’ అని చెప్పి పంపారు. నొప్పికన్నా ఆ మాటలే నాకు ఎక్కువ హాని చేశాయని నా నమ్మకం. పీట మీద కూర్చోవడం మానేశాను, నీళ్ల బిందె ముట్టడం మానేశాను, చివరికి చెప్పులు తొడగడానికి కూడా కోడలిని పిలిచే స్థితికి వచ్చాను. నొప్పి మాత్రం తగ్గలేదు. ఏ నొప్పీ లేనివారిని స్కాన్ చేసినా డిస్కు అరుగుదల కనిపిస్తుందని, 2015 నాటి ఒక సమీక్ష ప్రకారం అలాంటివారిలో ఇరవై ఏళ్ల వయసులో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లకు 96 శాతం మందికి అది ఉంటుందని అప్పుడే తెలిసి ఉంటే అంతగా బెదిరిపోయేదాన్ని కాదు.

తరువాత కలిసిన ఒక ఫిజియోథెరపిస్టు, ఏ పని చేయలేకపోవడం మీకు ఎక్కువ బాధగా ఉందని అడిగారు. మనవరాలిని ఎత్తుకోలేకపోవడమని చెప్పాను. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి ఎనిమిదిసార్లు లేవడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, రోజూ పది నిమిషాల నడక, వీటితో మొదలుపెట్టి వారం వారం పెంచుతూ మూడో నెలకు ఐదు కిలోల బియ్యం సంచిని నేల మీద నుంచి ఎత్తించారు. మొదట్లో నొప్పి కాస్త పెరగవచ్చని, మర్నాటికి సర్దుకుంటే భయపడనక్కర లేదని ఆమె ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే నాలుగో రోజే మానేసేదాన్ని. నొప్పి ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, కానీ మనవరాలిని ఎత్తుకుంటున్నాను.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. వైద్య పరిశోధనలను కలిపి విశ్లేషించే కాక్రేన్ సంస్థ 2021లో 249 పరిశోధనలతో చేసిన సమీక్ష, వ్యాయామం చేయనివారితో పోలిస్తే చేసినవారికి నూరు పాయింట్ల కొలతలో సగటున 15 పాయింట్ల మేర నొప్పి ఎక్కువగా తగ్గిందని తేల్చింది. అది పూర్తి నివారణ కాదు, అలా ఆశ పెట్టడమూ తప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని సిఫారసు చేసి, బెల్టులను, ట్రాక్షన్‌ను (నడుమును లాగి పట్టే చికిత్సను) మామూలుగా వాడవద్దన్నాయి. ఆస్ట్రేలియాలో, నొప్పి తగ్గినవారు 701 మందిపై జరిపి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, క్రమపద్ధతిలో నడక నేర్పినవారికి నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పడితే, మిగిలినవారికి 112 రోజులే పట్టింది.

అయితే కాలు బలహీనపడుతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం అదుపు తప్పినా వ్యాయామంతో కాలయాపన చేయకుండా వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా అంతే.

పాతబస్తీలో రోజంతా వంగి మగ్గం పని చేసేవారు, గతుకుల రోడ్ల మీద ఆటో నడిపేవారు కూలి పోగొట్టుకుని పది రోజులు క్లినిక్‌కు తిరగలేరు. వారికి మూడు నాలుగు సార్లు కూర్చోబెట్టి నేర్పి, ఇంట్లో చేసుకునేలా పంపి, నెల తరువాత మళ్లీ చూస్తే ఖర్చూ తక్కువే. 2018 నుంచి నగరంలో నడుస్తున్న బస్తీ దవాఖానాలకు వారానికి ఒక్క రోజు, అదీ పని ముగిసే సాయంత్రం వేళ, ఫిజియోథెరపిస్టును పంపాలని, బొమ్మలతో కూడిన ఒక పేజీ వ్యాయామ పత్రాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేసి మందుల చీటీతో పాటు ఇవ్వాలని వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని, మలక్‌పేట, హైదరాబాద్