పోస్టుమ్యాన్ అబ్బాయికి, మరికొందరికి

నిన్న మధ్యాహ్నం నా ఫోనుకి మెసేజ్ వచ్చింది, నేను బతికే ఉన్నానని. నవ్వకండి. పింఛను తాలూకు లైఫ్ సర్టిఫికెట్ అందిందని దాని అర్థం. అది తెచ్చిపెట్టిన అబ్బాయికి రెండు ముక్కలు రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. మనవరాలు ఫోన్లో తెలుగు పెట్టి ఇచ్చింది. రాసి ఆగుతూ, ఆయాసం తీర్చుకుంటూ రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన నెల పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. గుండె బాగా అలిసిపోయింది, ఈ వయసులో ఇంక కోతలు వద్దు, ఇంట్లోనే సుఖంగా ఉంచండి అన్నారు డాక్టరుగారు. నాకు 79. మాది రాజమండ్రి కాబట్టి మా లెక్కలన్నీ పుష్కరాలే. ఆరు గోదావరి పుష్కరాలు చూశాను. మొదటిసారి మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళాను, 2015లో చేతికర్రతో వెళ్ళాను. 2027వి నాకు లేవనే అనుకుంటున్నాను. ఈ మాట అంటే చాలు, "అవేం మాటలమ్మా, నిక్షేపంలా ఉన్నావు" అంటారు. నిక్షేపంలా ఉన్న మనిషిని బాత్రూముకి ఇద్దరు పట్టుకెళ్తారా?

మావారు రైల్వేలో చేశారు, ఆ ఫ్యామిలీ పింఛనే నాకు ఆధారం. ఏటా నవంబరులో నేనున్నానని రుజువు చూపించాలి. పోయిన ఏడాది బ్యాంకులో వేలిముద్ర పడక మూడు నెలలు డబ్బు ఆగిపోయింది. కౌంటరు ముందు నిలబడే ఉన్నాను. "మీరున్నట్టు సిస్టంలో రావట్లేదండీ" అన్నాడు ఆ పిల్లవాడు. 2014 నుంచి ఇదంతా ఆన్‌లైను చేశారు, మాలాంటివాళ్ళ సౌకర్యం కోసమేనట. అరవై ఏళ్ళు అంట్లు తోమి, పిండి రుబ్బిన వేళ్ళకి గీతలు ఎక్కడ మిగులుతాయి? చావుకి రాని టెన్షన్ నాకు నవంబరుకి వస్తుంది.

ఈసారి పోస్టుమ్యాన్ ఇంటికే వచ్చి చేస్తారని తెలిసి, కోడలు కబురు పెట్టింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు ఆ అబ్బాయికి. ఎర్రగా వెలిగే చిన్న పెట్టె మీద పది వేళ్ళూ పెట్టించాడు. పడలేదు. గోరువెచ్చని నీళ్ళు అడిగి, నా చేతులు ముంచి, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడిచి మళ్ళీ పెట్టించాడు. పడలేదు. మర్నాడు డ్యూటీ అయ్యాక మళ్ళీ వచ్చాడు. ఫోన్లో ముఖం చూపిస్తే చాలన్నాడు. గదిలో వెలుగు సరిపోక, నన్ను కుర్చీతో సహా మా అబ్బాయితో కలిసి వరండాలోకి మోశాడు. "కళ్ళు ఆర్పండి మామ్మగారూ" అన్నాడు. ఆర్పాను. అయిపోయింది. 70 రూపాయలు తీసుకున్నాడు, పైన ఇస్తే తీసుకోలేదు.

వెళ్ళబోతుంటే, "వచ్చే ఏడు నీకీ శ్రమ ఉండదేమోలే నాయనా" అన్నాను. మీకేం, నూరేళ్ళుంటారు అనలేదు. నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "సరే మామ్మగారూ. అలాగైతే నాకు కబురు చేయించండి, వచ్చి కనబడి వెళ్తాను" అన్నాడు.

అతను గేటు వేసి వెళ్ళాక ఏడ్చాను. దుఃఖంతో కాదు. నేను వెళ్ళిపోతున్నానన్న మాటకి ఎదురు చెప్పకుండా విన్న మొదటి మనిషి అతనే. ఆ రాత్రి నా పట్టుచీర ఏది ఎవరికో, కర్మ ఖర్చుకి దాచిన డబ్బు ఏ డబ్బాలో ఉందో కోడలికి చెప్పేశాను. వింది పాపం.

అబ్బాయి, కోడలు, అమ్మాయి అందరూ చేస్తున్నారు, వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

అయ్యో, పక్కింటి అమ్మాయిని మర్చేపోయాను, రోజూ ఉప్పు లేని చారు పెట్టి పంపిస్తోంది. మందుల షాపు కుర్రాడు రాత్రి పదింటికి మాత్రలు తెచ్చిచ్చాడు. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన ఆటో అతని పేరు కూడా అడగలేదు. గోతులు తప్పిస్తూ మెల్లగా తెచ్చాడు. గట్టు మీద కాసేపు ఆపమంటే ఇంజను ఆపి, నేను గోదావరి వైపు చూస్తున్నంతసేపూ పక్కకెళ్ళి నిలబడ్డాడు. వెయిటింగ్ డబ్బులు అడగలేదు.