ముందు ఆ కప్పు మీద టార్పాలిన్ వేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు, పదకొండేళ్ళ నుంచి న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటున్నా. మా ఊళ్ళో మిషన్ దొరల కాలం నాటి చర్చికి పోయినేడు వానల్లో ఒక గోడ నెర్రెలిచ్చింది, కూల్చేసి స్లాబు వేద్దామని కొందరు, పాతదే బాగుచేద్దామని కొందరు, మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గొడవ చెప్తోంది. నేనుండే ఊళ్ళోనూ ఇదే గొడవ, అందుకే రాస్తున్నా.

ఇక్కడ ఊరి నడిమధ్యలో పెద్ద రాతి చర్చి ఉంది, 1864లో శంకుస్థాపన చేస్తే 1904కి గానీ పూర్తవలేదు. 2011 ఫిబ్రవరి 22న వచ్చిన భూకంపంలో 185 మంది పోయారు, ఈ చర్చి శిఖరం కూలింది. 2012లో బిషప్ గారు దించేద్దామన్నారు, కాదని కొందరు కోర్టుకెళ్ళారు, ఆఖరికి 2017లో సినడ్‌లో, అంటే చర్చి ప్రతినిధుల సభలో, ఓటు పెడితే మళ్ళీ నిలబెట్టాలని తేలింది. ఆ మధ్యలో నేనొచ్చిన కొత్తలో చూశా, కంచె అవతల ముందుగోడ లేకుండా నోరు తెరుచుకుని ఉంది, లోపల పావురాలు ఎగురుతున్నాయి, చాలా బాధేసింది. నిలబెట్టడానికి 10.4 కోట్ల న్యూజిలాండ్ డాలర్లన్న లెక్క తర్వాత 24.8 కోట్లకి పోయింది, 2024 ఆగస్టులో డబ్బు చాలక పని ఆపేశారు. ఇదే ఊళ్ళో కాథలిక్కులు వాళ్ళ పెద్ద చర్చిని 2019లో కూల్చాలనుకుని కూల్చేశారు, అదీ నాకు నచ్చలేదు గానీ వాళ్ళు నాన్చలేదు.

మా ఊరి చర్చి అంత పెద్దదేం కాదు కాబట్టి నిలబెట్టుకోవచ్చని నా గట్టి నమ్మకం. అది గానుగ సున్నం గోడ, చిన్నప్పుడు మే నెలలో వీపు ఆనించి కూర్చుంటే కుండ ఆనుకున్నట్టు చల్లగా ఉండేది. మధ్యలో ఎవరో సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు, సిమెంటు కింద చెమ్మ బయటికి పోలేక లోపలే ఉండి సున్నాన్ని తినేస్తుంది, నెర్రెలకి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు. సంఘ పెద్దలకి నా మనవి ఒకటే, కాంట్రాక్టరుని పిలిచే ముందు సున్నం పని తెలిసిన ఇంజనీరుకి చూపించండి, ఆయన ఫీజు నేనిస్తా. కూల్చాలో ఉంచాలో ఆయన చెప్పాక ఈ క్రిస్మస్‌లోపే తేల్చుకోండి, ఈలోగా వానలు మొదలవకముందే ఆ కప్పు మీద టార్పాలిన్ వేయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు, క్రైస్ట్‌చర్చ్