మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది జామీను పని

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడాదీ ఈ నివేదిక నిండా నీళ్ల ట్యాంకు, వీధి లైట్లే ఉంటాయి. ఈసారి వాటిని రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ట్యాంకు కడిగించాం. లైట్లు వెలుగుతున్నాయి. మురుగుకాలువ పని మిగిలే ఉంది. జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఎవరైనా చూడొచ్చు. వివరంగా రాయాల్సింది మనం కొత్తగా నెత్తికెత్తుకున్న పని గురించి. రిమాండులో ఉన్న మన పిల్లలకు జామీను పెట్టడం, అంటే వాయిదాలకు వస్తారని కోర్టులో వాళ్ల తరఫున పూచీ పడటం.

ఇటుక బట్టీకి వెళ్లే మన కుర్రాడిని రొయ్యల గుంట దగ్గర మోటారు పోయిన కేసులో పట్టుకెళ్లి చెముడుగుంట జైల్లో పెట్టారు. నెల తిరక్కుండానే బెయిలు వచ్చింది. ఫోను రాగానే వాళ్లమ్మ కోడిని కోసింది. రాత్రి పొద్దుపోయేదాకా కూర పొయ్యి మీదే ఉంది, పిల్లాడు రాలేదు. పదివేల చొప్పున ఇద్దరు షూరిటీలు, అంటే జామీను పెట్టేవాళ్లు, ఉంటేనే వదుల్తారని అప్పటికి మనలో ఎవరికీ తెలియదు. ఆమె గుడిసె పోరంబోకులో ఉంది, జామీనుకు చూపించే ఇంటి పన్ను రసీదు ఎక్కడిది? రేషన్ కార్డు, ఆధార్, కొడుకు ఫోటో ఒక పాలిథిన్ కవరులో చుట్టుకుని ఇంటింటికీ తిరిగింది. బెయిలు ఉత్తర్వు వచ్చాక కూడా ఆ కుర్రాడు పంతొమ్మిది రోజులు లోపలే ఉన్నాడు.

చివరికి చేపలమ్మే అక్క ఒకరు ముందుకొచ్చారు. మొదట ఆమె అన్న మాట ఇది: "ఇల్లు పోద్దేమో నాయనా, పోతే నా పిల్లల్ని ఏడ పెట్టుకోను?" ఈ భయం మనందరిలోనూ ఉంది కాబట్టి అసలు సంగతి రాస్తున్నాను. జామీను పెట్టినవాళ్ల ఇల్లు ఆరోజే కోర్టు చేతికి పోదు. ముద్దాయి వాయిదాకు రాకపోతే బాండు రద్దవుతుంది, రాసిచ్చిన మొత్తం ఎందుకు కట్టరో చెప్పమని షూరిటీకి నోటీసు వస్తుంది. కట్టకపోతే ఆస్తి మీదికి వస్తారు. మధ్యలో జామీను నుంచి తప్పుకోవాలన్నా కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. అంటే అక్క ఇంటికి రక్షణ ఆ కుర్రాడు వాయిదాకు వెళ్లడమే. ఇంటి విలువ సర్టిఫికెట్ కోసం ఆ అక్కతో కలిసి ఒక ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాం. నాలుగు రోజులూ ఆమె గంప దించలేదు, అంటే నాలుగు రోజుల బేరం పోయింది. ఆ త్యాగం మినిట్స్ పుస్తకంలో రాసిపెట్టాం.

ఆ తర్వాతే మేం చట్టం తెలుసుకోవడం మొదలుపెట్టాం. ముందే తెలిసుంటే ఆ పంతొమ్మిది రోజులు తగ్గేవి. జైల్లో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పనిలేకుండా, న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే చాలు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బెయిలు వచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెలలోగా బాండు ఇవ్వలేకపోతే షరతు సడలించే విషయం కోర్టు తనంతట తానే చూడొచ్చు. షూరిటీ స్థానికుడే కావాలన్న పట్టుదల వల్ల విడుదల ఆలస్యమవుతోందని కూడా కోర్టు అంది. 1978లోనే మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రికి పదివేల షూరిటీ అడిగి, అన్నదమ్ముడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ ఆ మేస్త్రిని వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. ఇదంతా లాయరు గారు చెప్పగా విన్నాక, రెండో కేసులో షరతు తగ్గించమని అర్జీ వేయించాం. ఒక్క షూరిటీతో సరిపోయింది.

బెయిలే రానివాళ్ల ఇళ్లలో ఈ లెక్క గుర్తుంచుకోండి. పదేళ్లకు తక్కువ శిక్ష పడే నేరాల్లో సాధారణంగా 60 రోజుల్లో చార్జిషీటు, అంటే పోలీసులు కోర్టులో వేసే అభియోగపత్రం, పడాలి, పెద్ద నేరాలైతే 90 రోజుల్లో. పడకపోతే బెయిలు హక్కు. కానీ చార్జిషీటు పడేలోపే అర్జీ పెట్టాలి, ఒక్కరోజు ఆలస్యమైనా ఆ హక్కు పోవచ్చు. ఇక కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం కాలం రిమాండులో గడిపితే బెయిలుకు అర్హులు. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు, అంటే ముందు శిక్ష పడనివాళ్లకు రిమాండులో ఏడాది గడిస్తే చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు.

సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దమ్మ లేచి, "నా కమ్మలు పోయినప్పుడు ఎవురొచ్చారు? ఇప్పుడు దొంగలకు జామీను పెడతారా?" అని అడిగారు. ఆమె మాటకు ఎవరం బదులు చెప్పలేకపోయాం. ఇప్పటికీ ఆమె బాధ నాకు న్యాయంగానే అనిపిస్తుంది. అయినా మోటారు ఎవరు తీశారో విచారణ జరిగి తేలాలి, తేలకముందే ఒక మనిషి కూలి, వాళ్లమ్మ కన్నీళ్లు ఎందుకు పోవాలి? ఆ పెద్దమ్మ ఫిర్యాదు ఏమైందో కనుక్కోవడానికి ఇద్దరు సభ్యులు స్టేషన్‌కు వెళ్లారు, మళ్లీ వెళ్తారు. ఆడవాళ్ల మీద, పిల్లల మీద దౌర్జన్యం కేసుల్లో సంఘం తరఫున షూరిటీ ఇవ్వకూడదని తీర్మానించాం. ఉచిత లాయరు నంబరు మాత్రం ఎవరడిగినా ఇస్తాం.

ఒక తప్పు కూడా చెప్పాలి. పెన్నకు నీళ్లొచ్చిన వారం ఒక కుర్రాడి వాయిదా మా దృష్టిలోంచి జారిపోయింది. నాన్‌బెయిలబుల్ వారెంటు పడింది. లాయరు అర్జీ వేసి రద్దు చేయించేదాకా షూరిటీ పెట్టినాయన అన్నం సరిగా తినలేదు. అప్పటినుంచి వాయిదాల పుస్తకం పెట్టాం. ముందురోజు రాత్రి ఫోను, పొద్దున తోడుగా ఒక మనిషి. కోర్టు బయట డబ్బు తీసుకుని షూరిటీ పెడతామనే వాళ్ల జోలికి పోకండి. కాగితాలు దొంగవైతే వచ్చే కేసు మన పిల్లాడి మెడకే చుట్టుకుంటుంది.

పన్ను రసీదు ఉన్నవాళ్లు పుస్తకంలో పేరు రాయించుకోవాలని మనవి. వచ్చే సోమవారం ఇటుక బట్టీ కుర్రాడి వాయిదా. చేపలక్కకు ఆరోజు సంత ఉంది. అతనితో ఎవరు వెళ్తారో సమావేశం లేచేలోగా చెప్పండి, పదింటికల్లా కోర్టు వరండాలో ఉండాలి.

ఇట్లు,
కార్యదర్శి