కనజావా చాయా వీధిని నదితో కలిపి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

పాలమూరు, నల్లగొండ జిల్లాల నుంచి జపాన్ వెళ్లేవారి కోసం, మన దగ్గర నదీ తీరాలకు పథకాలు వేసేవారి కోసం ఈ ఉత్తరం రాస్తున్నాం. ప్యాకేజీ టూర్లు ఎక్కువగా టోక్యో, క్యోటో, ఒసాకాల చుట్టూనే తిరుగుతాయి. ఇషికావా ప్రాంతంలోని కనజావా ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. ఉన్నా అక్కడి హిగాషి చాయా (చాయా అంటే టీ ఇల్లు) వీధికి దొరికేది ఒక గంట, నాలుగు ఫొటోలు. ఆ వీధి పక్కన పారే అసానో నదిని చూడకపోతే వీధి కూడా సగమే అర్థమవుతుంది.

కనజావా ఒకప్పుడు మయెదా వంశం ఏలిన ‘కాగా’ అనే సంస్థానానికి రాజధాని. సంస్థానం అంటే ఏమిటో గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఊళ్లో అక్కడక్కడా ఉన్న చాయా ఇళ్లను 1820లో సంస్థానం నదుల అవతలి ఒడ్లకు చేర్చింది. అసానో నది కుడి ఒడ్డున హిగాషి, సాయ్ నది ఎడమ ఒడ్డున నిషి వెలిశాయి. 1831లో అనుమతి రద్దయింది, 1867లో మళ్లీ వచ్చింది. ఈ ఇళ్లకు జనం వచ్చింది టీ కోసం కాదు. షమిసెన్ తంత్రీవాద్యం, డోలు, నాట్యం, విందు కోసం వచ్చేవారు. కళాకారిణులను అక్కడ గెయ్గి అంటారు. కొన్ని ఇళ్లలో సాయంత్రం విందులు ఇప్పటికీ సాగుతున్నాయి. తెలిసినవారు పరిచయం చేయనిదే కొత్తవారిని లోపలికి రానివ్వరు. కాబట్టి మూసిన తలుపు తోసి చూడవద్దు, దారిలో కనబడిన గెయ్గిని ఆపి సెల్ఫీ అడగవద్దు.

ముందు ఇంటి ముఖాన్ని చూడాలి. వీధివైపు కింది అంతస్తుకు సన్నటి చెక్క కడ్డీల జాలీ ఉంటుంది, పేరు కిముసుకో. కడ్డీలు చదరంగా ఉండవు, వీధివైపు వెడల్పుగా, లోపలివైపు సన్నంగా చెక్కుతారు. అందువల్ల లోపల కూర్చున్నవారికి వీధి బాగా కనిపిస్తుంది, వీధిలో పోయేవారికి లోపల ఏమీ కనిపించదు. తర్వాత తలెత్తి పై అంతస్తు చూడండి. మామూలు జనం రెండంతస్తుల ఇల్లు కట్టుకోకూడదన్న కాలంలో చాయాలకు మినహాయింపు ఇచ్చారు. విందు గదులు పైనే కాబట్టి ఆ అంతస్తు ఎత్తుగా, వీధివైపు వసారాతో ఉంటుంది.

లోపల చూడాలంటే షిమా అనే ఇల్లు ఉత్తమం. 1820లో కట్టిన ఇల్లు పెద్ద మార్పులు లేకుండా నిలిచింది, జాతీయ స్థాయి ముఖ్య సాంస్కృతిక ఆస్తుల జాబితాలో ఉంది. చెప్పులు, బూట్లు వాకిట్లోనే విడిచి వెళ్లాలి. పై గదుల్లో బట్టలు, పరుపులు దాచుకునే గూళ్లు లేకపోవడం గమనించండి. అది కాపురానికి కట్టిన అంతస్తు కాదు, ఆటపాటలకు కట్టినది. అతిథులు కూర్చునే గది, దాన్ని ఆనుకుని కళాకారిణులు ఆడే చిన్న గది వరసగా ఉంటాయి. కింద వంటింట్లో బావి, రాతి నేలమాళిగ ఉన్నాయి. చాలామంది పైనుంచి దిగి నేరుగా బయటికి పోతారు. ఇల్లు ఎలా నడిచిందో తెలిసేది మాత్రం ఆ వంటింట్లోనే.

ఇక దారి. టోక్యో నుంచి వేగంగా వెళ్లే షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో రెండున్నర గంటలు. క్యోటో, ఒసాకాల నుంచైతే 2024 మార్చి నుంచి త్సురుగాలో రైలు మారాలి. మారే సమయం తక్కువ, ప్లాట్‌ఫారాలు వేరే అంతస్తుల్లో ఉంటాయి. పెద్ద సూట్‌కేసులు ఉన్నవారు తలుపు దగ్గర ముందే నిలబడాలి. కనజావా స్టేషన్ తూర్పు వైపు నుంచి హషిబాచో స్టాపుకు బస్సులో పది నిమిషాలు. వెనక తలుపు నుంచి ఎక్కి, దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర డబ్బు వేయాలి. పెట్టెలో వేసిన దానికి చిల్లర తిరిగి రాదు, నాణేలు సిద్ధంగా ఉంచుకోవాలి.

ఉదయం దుకాణాలు తెరవకముందే వీధి నడిచేయండి. 2015లో షింకన్‌సెన్ వచ్చాక మధ్యాహ్నం జనం కిక్కిరిసిపోతున్నారు. సాయంత్రం ఐదు దాటితే చాలా దుకాణాలు కట్టేస్తారు. తర్వాత నది గట్టుకు వచ్చి, ఎగువన ఉన్న ఉమెనోహాషి కాలిబాట వంతెన మీదుగా అవతలికి దాటండి. ఇది 1978లో తిరిగి కట్టిన చెక్క వంతెన. అక్కడి నుంచి దిగువకు నడిస్తే మూడు కమానుల కాంక్రీటు వంతెన అసానోగావా ఒహాషి వస్తుంది, 1922 నాటిది. దాన్ని దాటకుండా అదే ఎడమ గట్టున ముందుకు పోతే కజుఎమాచి. ఇది మరో చాయా పేట, హిగాషి కన్నా చిన్నది, నిశ్శబ్దమైనది, నది ముఖంగా వరసగా కట్టిన ఇళ్లు. మా దృష్టిలో ఊరికంతటికీ అందం ఇక్కడే. వెనక సందులోంచి కురగరిజకా అనే రాతిమెట్లు పైనున్న గుడికి ఎక్కుతాయి. వానలో జారుతాయి, జాగ్రత్త. గుడికి దగ్గర్లోనే కథారచయిత ఇజుమి క్యోకా పుట్టిన ఇంటి చోట ఆయన స్మారక మ్యూజియం ఉంది. మొత్తం నడక రెండు కిలోమీటర్ల లోపే, కానీ ఒక పూట పడుతుంది. అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకు అని అక్కడి సామెత. వాన, మంచు అంత ఎక్కువ.

శాకాహారులకు ఒక మాట. నూడుల్స్ పులుసులో మాంసం లేకపోయినా చేపతో కాచిన దషి అనే రసం ఉంటుంది, అడిగి తినాలి. ‘కాగా బోచా’ తాగి చూడండి. తేయాకు కాడలను వేయించి చేసే టీ, వాసన బాగుంటుంది. బంగారు రేకు అద్దిన ఐస్‌క్రీం కొనేవారు ఆ రేకు తయారీ కూడా తెలుసుకోవాలి. జపాన్ బంగారు రేకులో దాదాపు అంతా ఈ ఊరిదే. మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. గాలిలో తేమ ఉండటం వల్ల స్థిరవిద్యుత్తు తగ్గి రేకు చేతికి అంటుకోదు.

అసలు చెప్పాల్సింది ఇక్కడ ఉంది. ఈ వీధులు వాటంతటవే మిగల్లేదు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడకపోవడం అదృష్టం. ఆ తర్వాతిదంతా పని. 1968లోనే నగరపాలక సంస్థ సంప్రదాయ పరిసరాల రక్షణకు సొంత నిబంధన చేసుకుంది. 1975లో జాతీయ చట్టాన్ని సవరించి, విడి కట్టడాన్నే కాక పేట మొత్తాన్ని కాపాడే వీలు కల్పించారు. ఆ చట్టం కింద హిగాషి 2001లో, కజుఎమాచి 2008లో చేరాయి. ఇంటి బయటి రూపం మార్చాలంటే అనుమతి కావాలి. ఆ రూపంలోనే మరమ్మతు చేస్తే ప్రభుత్వ సాయం అందుతుంది. లోపల మాత్రం యజమాని తన అవసరానికి మార్చుకోవచ్చు. అందుకే ఆ ఇళ్లలో దుకాణాలు, కాపురాలు నడుస్తున్నాయి. 1994లో చిన్న చిన్న పాత వీధులకు, 1996లో ఊరి కాలువలకు వేరే నిబంధనలు తెచ్చారు. అదే 1996లో పనివాళ్లకు బడి పెట్టారు. రాతిపని, పెంకులు, గార, వడ్రంగం, తలుపుల పని, తటామి చాపలు, తోటపని వంటి తొమ్మిది విద్యల్లో, అప్పటికే ఆ పనిలో ఉన్నవారికి మూడేళ్ల శిక్షణ ఇస్తారు. నియమం రాసి, దాన్ని నిలబెట్టే చేతులు లేకపోతే ఏమవుతుందో వాళ్లు ముందే ఆలోచించారు.

నది ముప్పు వాళ్లకూ ఉంది. 2008 జూలై 28న అసానో పొంగి గట్టు పక్క ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. 2009 అక్టోబరు వరదను చూసిన ఆలంపూర్ వాళ్లకు దాని సంగతి తెలుసు.

మన దగ్గర తుంగభద్ర ఒడ్డున ఆలంపూర్, కృష్ణ ఒడ్డున సోమశిల, కృష్ణా మూసీ కలిసే చోట వాడపల్లి ఉన్నాయి. గద్వాలలో గుంట మగ్గాలున్న నేతగాళ్ల ఇళ్లున్నాయి. తీరం బాగు చేయడమంటే కమాను, రంగు లైట్లు, టైల్స్ అన్న లెక్కలోనే పథకాలు సాగితే, చూడ్డానికి వచ్చినవారికి ఏ ఊరైనా ఒకేలా కనిపిస్తుంది. కాంట్రాక్టు పిలిచే ముందు మూడు పనులు చేయాలని జిల్లా యంత్రాంగాలను కోరుతున్నాం. పాత మిద్దెలు, రాతి అరుగులు, దూలాల ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వీధివారీగా రాయండి. బయటి రూపం నిలుపుకునే యజమానికి మరమ్మతు ఖర్చులో వాటా ఇవ్వండి. డంగు సున్నం కలిపే మేస్త్రీలు, రాయి కొట్టేవారు, పాత దూలం మార్చగల వడ్రంగులు ఏ ఊళ్లో ఎవరున్నారో జాబితా తీసి, వారి దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు నెలకింత అని ఇవ్వండి. మూడోది ముందు మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆ మేస్త్రీలలో చాలామందికి వయసు మీద పడింది.

ఇట్లు,
గద్వాల, మహబూబ్‌నగర్ పాఠకులు కొందరు