చెక్కు తిప్పి పంపినా కారణం రాసేవాళ్ళం

సంపాదకుడు గారికి,

ముప్పై ఒక్క ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో పనిచేసి రిటైరైనవాణ్ని. చెక్కు వస్తే తేదీ, సంతకం, ఖాతాలో నిల్వ, అంకెల్లో అక్షరాల్లో మొత్తం కలిసిందా లేదా, ఇవే చూసేవాళ్ళం. ఆ డబ్బుతో ఏం కొంటావని అడిగిన పాపాన పోలేదు. చెక్కు చెల్లకపోతే దానికో మెమో పిన్ను చేసి పంపాలి. 'నిల్వ చాలదు', 'సంతకం కలవలేదు' అని అందులో వరసగా అచ్చేసి ఉండేవి. సరైనదాని పక్కన టిక్కు పెట్టి పొట్టి సంతకం చేసేవాళ్ళం. 'రిఫర్ టు డ్రాయర్', అంటే చెక్కు రాసినవాణ్నే అడుగు అనే డొంకతిరుగుడు కూడా ఒకటుండేది లెండి. యాభై రూపాయల చెక్కుకైనా మెమో లేకుండా తిప్పి పంపింది లేదు.

డబ్బు చెల్లింపులు నడిపే కంపెనీలు కారణం చెప్పకుండా అమ్మకాలు ఆపిస్తున్నాయని ఇంటర్నెట్లో శృంగార రచనలు అమ్ముకునేవాళ్ళు వెళ్ళబోసుకున్న గోడు చదివాక ఆ మెమో గుర్తొచ్చింది. సొంతంగా తయారుచేసుకున్న గేములు, కామిక్స్, కథలు అమ్ముకునే ఇచ్ డాట్ ఐఓ అనే సైటు 2025 జులైలో 'పెద్దలకు మాత్రమే' బాపతు సరుకునంతా ఒక్కసారిగా, వెతికినా దొరక్కుండా దాచేసింది. ముందుగా చెప్పే వ్యవధి లేకపోయిందని తనే ఒప్పుకుంది. అంతకుముందు ఆస్ట్రేలియాలోని కలెక్టివ్ షౌట్ అనే సంఘం, అత్యాచారాన్ని ఆటగా చూపే గేముల మీద పేమెంట్ కంపెనీలకు బహిరంగ లేఖ రాసింది. ఆ కంపెనీల ఒత్తిడితో, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, గేముల మీది కోపం కథలకూ తగిలింది.

స్టీమ్ అనే పెద్ద గేముల దుకాణం కూడా అప్పుడే కొన్ని తీసేసింది. ఎవరు తీయమన్నారని ఆరా తీస్తే మన ఏడు చేపల కథే. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ, కార్డు డబ్బును దుకాణానికి చేర్చే పేమెంట్ ప్రాసెసర్లను చూపించింది. ఆ ప్రాసెసర్లు, మాస్టర్‌కార్డ్ పేరుకు మచ్చ తెచ్చే లావాదేవీ కూడదనే ఆ కార్డు కంపెనీ నిబంధనను చూపించారట. మాస్టర్‌కార్డ్ ఆగస్టు 1న, మేం ఏ గేమునూ పరిశీలించలేదు, ఆంక్షలు పెట్టమని అడగలేదు, చట్టవిరుద్ధమైనవి మా కార్డుతో కొనకుండా చూసుకోమన్నామంతే, అంది. కథలో చివరికి చీమైనా, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని ఒప్పుకుంది. ఇక్కడ కుట్టిన చీమ దొరకదు.

2012లో ఇంకాస్త నయం. ఫలానా ఇతివృత్తాలున్న శృంగార నవలలు తీయకపోతే ఖాతా మూసేస్తామని స్మాష్‌వర్డ్స్ అనే ఈ-పుస్తకాల దుకాణాన్ని, ఇంటర్నెట్లో చెల్లింపులు చూసే పేపాల్ కంపెనీ ఫిబ్రవరిలో బెదిరించింది. రచయితలు, భావప్రకటన సంఘాలు గొడవ చేస్తే మార్చికల్లా మెత్తబడింది. అశ్లీల చిత్రాలున్నవాటి మీదే దృష్టి పెడతామని, ఆ కోవ మొత్తాన్ని కాక ఒక్కో పుస్తకాన్నీ చూస్తామని చెప్పింది. బెదిరించినవాళ్ళు ఫలానా అని తెలుసు కాబట్టి వెళ్ళి కొట్టడానికి ఒక తలుపు దొరికింది.

నిషేధం మనకు కొత్త కాదు. ముద్దుపళని రాసిన శృంగార కావ్యం 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో వావిళ్ళవారి చేత అచ్చు వేయిస్తే, తెల్లదొరల సర్కారు అశ్లీలమని నిషేధించింది. అన్యాయమే. కానీ నిషేధించింది ఎవరో తెలుసు. పండితులు అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీ చెల్లలేదు గానీ, చివరికి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రిగా) ఉన్నప్పుడు నిషేధం ఎత్తేశారు. ఎత్తేయడానికి అక్కడొక ఉత్తర్వంటూ ఉంది.

పసిపిల్లల్ని వాడుకున్న సరుకు నేరమే. పోలీసులు పట్టుకోవాలి, కార్డు కంపెనీలూ ఆపాలి. అందులో నాకు రెండో మాట లేదు. ఈ బాపతు నవలలు నేను చదవను కూడా (మా ఆవిడ నమ్మదు, అది వేరే సంగతి). బ్యాంకుల భయమూ నాకు తెలుసు. కొన్నాక 'నేను కొనలేదు' అని ఖాతాదారు అడ్డం తిరిగితే డబ్బు వెనక్కి కట్టాలి. ఈ వ్యాపారంలో ఆ బెడద ఎక్కువంటారు. సరే, అందుకు కమీషన్ నాలుగు రాళ్ళు ఎక్కువ పుచ్చుకోండి. రచన మంచిచెడ్డలతో కౌంటర్లో కూర్చున్నవాడికి ఏం పని?

మన దేశంలో అశ్లీలతను శిక్షించే సెక్షన్‌లోనే సాహిత్యానికి, కళకు, గుళ్ళ మీది శిల్పాలకు మినహాయింపు ఉంది. వెనక అది ఐపీసీ 292, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 294. ఇంటర్నెట్ అమ్మకాల డబ్బు వసూలు చేసే ఇక్కడి పేమెంట్ గేట్‌వేల నిషిద్ధ జాబితాలు చూడండి, 'అడల్ట్' సరుకు అనే పద్దు కనిపిస్తుంది. క్షేత్రయ్య పదాల పుస్తకం అందులోకి వస్తుందా రాదా అని ఎవర్ని అడగాలి?

వ్యాపారుల తరఫున ఇలా డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీలకు, అంటే పేమెంట్ అగ్రిగేటర్లకు, అనుమతి ఇచ్చేది రిజర్వు బ్యాంకు. వ్యాపారిని చేర్చుకునేముందు ఏమేం చూసుకోవాలో చెప్పేదీ అదే. ఆ నిబంధనల్లోనే ఇంకో మూడు వాక్యాలు చేర్చమని నా మనవి. చట్టం కాదనని రచన అమ్మకం ఆపితే, ఏ పుస్తకం, ఏ నిబంధన కింద అన్నది రాసి ఇవ్వాలి. ఆపేముందు జవాబు చెప్పుకోవడానికి పదిహేను రోజులు గడువివ్వాలి. అప్పటికే అమ్ముడైన ప్రతుల డబ్బు పట్టి ఉంచకుండా రచయిత ఖాతాలో వేసేయాలి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
తెనాలి