సీటు మీద నుంచి జారిన గర్డర్

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

జవాబు రాయడానికి నెల పట్టింది, కోపం పెట్టుకోకు. రేణిగుంట రోడ్డులో ఒక స్టీల్ బిల్డింగ్ డిజైన్ చేస్తున్నాను. కింద కల్యాణ మండపం, పైన నాలుగు అంతస్తుల లాడ్జి. హాలు మధ్యలో ఒక్క స్తంభం కూడా ఉండకూడదన్నారు ఓనరు గారు. అందుకని పై స్తంభాలన్నీ రెండు పెద్ద గర్డర్ల మీద నిలబెట్టాను. మామూలు లోడ్లకు లెక్క కుదిరింది. టెన్షనంతా మంటతోనే.

ఇనుము కాలదు కదా అంటావు. కాలదు, మెత్తబడుతుంది. 400 డిగ్రీల దాకా బలం నిలుస్తుంది, 600 దగ్గర సగం కూడా మిగలదు. అందుకే వేడికి పొంగే పెయింట్ వేస్తాం. ఎంత మందం వేయాలో పట్టికల్లో ఉంటుంది. కానీ అవి ఒక్కో దూలాన్ని విడిగా ఫర్నేస్‌లో కాల్చి చూసి కట్టిన లెక్కలు. బిల్డింగులో దూలం ఒంటరిగా ఉండదురా! 15 మీటర్ల దూలం 600 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 12 సెంటీమీటర్లు సాగాలని చూస్తుంది. అడ్డొచ్చినదాన్ని తోస్తుంది. చల్లారేటప్పుడు వెనక్కి లాగుతుంది, అప్పుడు బోల్టులు తెగొచ్చు.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో 47 అంతస్తుల బిల్డింగ్ ఒకటి కూలింది, గుర్తుందా? దాన్ని ఏ విమానమూ గుద్దలేదు. జంట టవర్ల శిథిలాలు పడి అంటుకుని, దాదాపు ఏడు గంటలు కాలింది. ఒక పక్క నుంచే వచ్చి ఆనిన పొడుగాటి దూలాలు వేడికి సాగి, గర్డర్‌ను సీటు మీద నుంచి, అంటే దాని కొన ఆనడానికి స్తంభానికి బిగించిన చిన్న అరుగు మీద నుంచి, తోసేశాయి. ఫ్లోర్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పక్క ఆసరా పోయిన 79వ నంబరు స్తంభం వంగిపోయింది. దూలాలు ఇంకా మెత్తబడక ముందే, మామూలుగా మనం భయపడే వేడి కంటే చాలా తక్కువలోనే, ఇదంతా మొదలైందట. అది చదివాక నా డ్రాయింగులు మళ్లీ ముందేసుకున్నాను.

మంచి కబురూ ఉంది. 1990లలో ఇంగ్లండులోని కార్డింగ్టన్‌లో ఎనిమిది అంతస్తుల స్టీల్ ఫ్రేమ్ కట్టి, లోపల మంటలు పెట్టి చూశారు. పూత లేని దూలాలు బాగా వంగినా ఫ్లోర్ కూలలేదు, స్లాబు జోలెలా పట్టుకుంది. అయితే ఆ ఫ్రేమ్ గళ్ల కాగితంలా సమంగా ఉంటుంది. నాది అలా కాదే! నా గర్డర్ ఒక్కటి జారితే పైన నాలుగు అంతస్తులూ దానితోనే వస్తాయి.

పైన పడుకునేది ఎవరు చెప్పు? దర్శనం చేసుకుని, కాళ్లు లాగుతూ వచ్చిన ముసలివాళ్లు. అర్ధరాత్రి లేచి మెట్లు దిగడానికి వాళ్లకెంత సేపు పడుతుంది? అందుకే గర్డర్లకు కాంక్రీట్ కేసింగ్ వేయమన్నాను, సీట్లు పొడుగు పెంచాను, జాయింట్లకూ పూత వేయమని రాశాను. ఖర్చు చూసి ఓనరు గారు మొహం ముడుచుకున్నారు. బుధవారం మళ్లీ కూర్చుంటాం. ఈ మూడింటిలో ఒక్కటి తీసేయమన్నా సంతకం పెట్టను.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ
రమణ