జ్వరంలో కొలెస్ట్రాల్ తగ్గితే

చిట్టితల్లీ,

కాలా అజార్ (పరాన్నజీవి వల్ల వచ్చే జ్వరం) రోగికి కొలెస్ట్రాల్ బాగా తగ్గింది, గుండెకు మంచిదే కదా అని అడిగావు. కాదమ్మా. ప్లీహంలో పరాన్నజీవులు ఎంత ఎక్కువగా ఉంటే రక్తంలో కొలెస్ట్రాల్ అంత తక్కువగా ఉంటుందని రోగుల్లోనే కొలిచి చూశారు.

ఈ జబ్బు తెచ్చే పరాన్నజీవి లీష్మానియా డొనొవానీ. అది కాపురం పెట్టేది మాక్రోఫేజ్ అనే, సూక్ష్మజీవులను మింగే రక్షక కణంలో. ఆ కణం శత్రువు ముక్కను ఎంహెచ్‌సీ-2 అణువు మీద పెట్టి, రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణానికి చూపించాలి. ఆ అణువులు కణం పైపొరలో కొలెస్ట్రాల్ చిక్కగా ఉన్నచోట గుంపుగా నిలబడితేనే టీ-కణం సరిగ్గా ఆనవాలు పడుతుంది. పరాన్నజీవి చేరాక పొరలో కొలెస్ట్రాల్ తగ్గి, పొర జారుగా మారుతుంది. ముక్క ఉంటుంది, చూపించే అణువూ ఉంటుంది, టీ-కణం మాత్రం కదలదు. అలాంటి కణాలకు లైపోజోముల్లో (అతి చిన్న కొవ్వు బుడగల్లో) కొలెస్ట్రాల్ తిరిగి అందిస్తే టీ-కణాలు మళ్లీ స్పందించాయి. తీసి చూడటంతో ఆగకుండా తిరిగి పెట్టి చూశారు కాబట్టి, ఈ ప్రయోగం మీద నాకు నమ్మకం ఎక్కువ.

రక్తంలో తగ్గడానికి ఒక దారి కాలేయంలో ఉంది. పరాన్నజీవి జీపీ63 అనే ఎంజైమ్ అక్కడి కణాల్లో డైసర్-1 అనే ప్రొటీన్‌ను కోసేస్తుంది. డైసర్ లేకపోతే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-122 అనే చిట్టి ఆర్‌ఎన్‌ఏ తయారవదు, దాంతో కొలెస్ట్రాల్ తయారీ పడిపోతుంది. ఎలుకల్లో ఆ 122ను తిరిగి అందిస్తే కొలెస్ట్రాల్ పెరిగింది, కాలేయంలో పరాన్నజీవులు తగ్గాయి. ఇది 2013 నాటి పని.

అలాగని నెయ్యి, గుడ్లు పెట్టి జబ్బు తగ్గిస్తామనుకోకు. పరాన్నజీవి మాక్రోఫేజ్‌లోకి దూరడానికి కూడా అదే కొలెస్ట్రాల్ కావాలి. మిథైల్-బీటా-సైక్లోడెక్స్‌ట్రిన్ అనే రసాయనంతో పొరలోంచి దాన్ని తీసేస్తే లోపలికి చేరేవి తగ్గాయి. జబ్బును తగ్గించేది మందే.

ఇక రిపోర్టు. ఈ జబ్బులో హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) తగ్గి ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు పెరుగుతాయి. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, లెక్కగడతాయి: (అంకెలన్నీ మి.గ్రా./డె.లీ.లో) మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసేస్తారు. మొత్తం 110, హెచ్‌డీఎల్ 15, ట్రైగ్లిజరైడ్లు 250 అయితే ఎల్‌డీఎల్ 45 అని వస్తుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, నేరుగా కొలవమని అడుగు. జ్వరంలో వచ్చిన అంకె చూసి గుండె ప్రమాదం అంచనా వేయొద్దు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మోతాదు మార్చొద్దు. చికిత్స అయ్యి, ఒంట్లో కుదుటపడ్డాక మళ్లీ చేయించు. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టేటప్పుడు మొదటిదాని మీద అది జ్వరం ఎన్నో రోజో రాసి ఉంచు.

నాన్న